కొండకీ కడలికీ మధ్య ఒక రోజు నడక

ఆరుద్ర కార్తె. పొద్దున్న ఏడు దాటింది. మీరు కొత్తవలస జంక్షన్‌లో నిలబడి ఉన్నారు. రాత్రి పడ్డ వానకి ప్లాట్‌ఫాం ఇంకా ఆరలేదు. ఎదురుగా పట్టాలు రెండు దారులుగా చీలుతున్నాయి. ఒకటి విజయనగరం మీదుగా హౌరా వైపు సాగుతుంది. రెండోది ఉత్తరానికి మళ్లి, మామిడి తోటల మధ్య నుంచి, మబ్బు కప్పుకున్న కొండల్లోకి దూరుతుంది. ఆ రెండో దారి మీద ఇనుపరాయి నింపుకున్న గూడ్సు బండి ఒకటి నెమ్మదిగా దిగి వస్తోంది. బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకీ, అక్కడి నుంచి జపానుకీ చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. పెట్టె వెనక పెట్టె, ఎర్రటి ధూళి, తడిసిన ఇనుము వాసన.

మీ పక్క బెంచీ మీద ఒక పెద్దాయన గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బండిని చూడటం లేదు. బండి వచ్చిన దిక్కున ఉన్న కొండల్ని చూస్తున్నారు.

"కొండ నెత్తిన మబ్బు కూకుండిపోనాది, సూడండి బాబూ. మద్దేనం అయ్యేసరికి గెడ్డకి నీరొచ్చేస్తాది."

"ఇక్కడ చినుకు లేదు కదా తాతా?"

"ఇక్కడ పడక్కర్లేదు. అక్కడ పడితే సాలు."

అక్కడ పడ్డ వాన ఇక్కడి బతుకుని నడుపుతుంది. ఈ సంగతిని మొట్టమొదట గమనించినవాళ్లకి పేర్లు లేవు, రాత లేదు, ఇనుము లేదు. కానీ ఆ పెద్దాయన చూస్తున్న కొండల్నే వాళ్లూ చూశారు. ఆ మబ్బునే లెక్కగట్టారు. తొలి మనుషుల కథ అనగానే మన పిల్లలు సింధు లోయకీ గంగ మైదానానికీ పోతారు. బడి కిటికీలోంచి కనబడే కొండ, ఊరి చివర గెడ్డ, సాయంత్రం ఒంటికి తగిలే ఉప్పుగాలి ఆ కథలోకి రావడం అరుదు. రావాలి. ఎందుకంటే నేలా వానా కలిసి మనిషి బతుకుని ఎలా మలిచాయో చూపించడానికి ఇంతకంటే దగ్గరి చోటు లేదు.

మీరు నిలబడ్డ చోటునే లెక్క చూసుకోండి. ఇక్కడి నుంచి ఆగ్నేయంగా, తూర్పుగా నడిస్తే ఒక పగటి దారిలో సముద్రం. ఉత్తరంగా నడిస్తే ఒక పగటి దారిలో తూర్పు కనుమల పాదం. ఈ రెండు నడకల మధ్యలో ఎర్రమట్టి మెట్ట, నల్లటి పల్లం, గెడ్డలు, చెరువులు. గోదావరి డెల్టాలో ఎన్నాళ్లు నడిచినా ఒకే రకం నేల కనిపిస్తుంది. ఇక్కడ పొద్దు పొడిచిన చోట ఉన్న నేల పొద్దు గుంకే చోట ఉండదు.

బండి వచ్చింది. ఎక్కండి.

*

మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట. కిటికీ పక్కన నేల ఎర్రగా పరుచుకుని ఉంది. నాగలి తిరగేసిన చాళ్లలో నీళ్లు నిలిచాయి. మెరక మీద చోడి నారుమళ్లు, పల్లంలో వరి ఆకుమళ్లు. ఈ ఎరుపు కొండ నుంచి వచ్చింది. మీకు ఎదురవుతున్న కొండలు చాలావరకు ఖొండలైటు అనే రాయి. అందులో ఎర్రటి గోమేధికపు గింజలు పొదిగి ఉంటాయి. వానకీ ఎండకీ ఆ రాయి చివికి, అందులోని ఇనుము తుప్పుపట్టి, ఈ ఎర్రమట్టి అయింది. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో, విపరీతమైన వేడిలో ఉడికిన రాళ్లివి. ఆ కాలంలో ఈ కొండలు తూర్పు అంటార్కిటికాతో కలిసి ఒకే పర్వతశ్రేణిగా ఉండేవని భూగర్భ శాస్త్రవేత్తలు రెండు చోట్లా రాళ్లను పోల్చి తేల్చారు.

బొడ్డవర దాటింది. ఇంజను గొంతు మారింది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి. సొరంగం, వెలుగు, మళ్లీ సొరంగం. ఈ లైను మీద 58 సొరంగాలున్నాయి. వెలుగొచ్చిన ప్రతిసారీ లోయ ఇంకొంచెం లోతవుతోంది. సముద్రమట్టానికి అరవై మీటర్ల ఎత్తైనా లేని కొత్తవలస మైదానం నుంచి బయల్దేరిన ఈ దారి శిమిలిగుడ దగ్గర 996 మీటర్లకి చేరుతుంది. కిటికీలోంచి వచ్చే గాలి ఇప్పుడు చల్లగా ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. వైశాఖంలో కింద చెరువు పర్రె విచ్చి ఎండిపోయినప్పుడు ఇక్కడ గెడ్డలో ఇంకా నీరు పారుతూ ఉండటానికి ఈ ఎత్తు కూడా ఒక కారణం.

మబ్బు బండి కిటికీకి తగులుతోంది. ఇది ఎక్కడి మబ్బో తెలుసుకోవాలి. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద తమ నీటిలో చాలా భాగం దింపేసి, తేలికపడి ఇటు వస్తాయి. అవి తెచ్చే వానే అయితే మన నేలకి చాలదు. బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టి, వాయవ్యంగా కదిలి, కొత్త తేమని ఈ కొండలకి తెచ్చి కొడతాయి. తేమగాలి కొండని ఎక్కాలి, ఎక్కితే చల్లబడాలి, చల్లబడితే కురవాలి. మైదానంలో ఏడాదికి సుమారు 1,000 నుంచి 1,100 మిల్లీమీటర్లు పడితే కొండ మీద అంతకన్నా ఎక్కువ. నైరుతి వెళ్లిపోయాక ఆశ్వయుజ, కార్తీకాల్లో తుపానులు మరికొంత తెస్తాయి. అంటే ఇక్కడ వాన ఏడాదికి రెండు దఫాలు వస్తుంది. మొదటిది తప్పినా రెండోది రావచ్చు. రెండోది రావడమే విపత్తూ కావచ్చు. ఆదినుంచీ ఈ నేల మనుషులు ఈ రెండు సంగతుల మధ్యే బతుకు కట్టుకున్నారు.

*

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగారు. సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తు. మెట్లు దిగి గుహలోకి వెళ్తుంటే బయటి వాన చప్పుడు ఒక్కొక్క మెట్టుకీ తగ్గిపోయి, లోపల నీటిబొట్ల చప్పుడు మొదలవుతుంది. ఖొండలైటు కొండల నడుమ ఇక్కడ సున్నపురాయి పొర ఉంది. అడవి నేలలోంచి దిగే నీటిలో బొగ్గుపులుసు వాయువు కలిసి, ఆ నీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి ఈ గుహని తొలిచింది. కరిగిన సున్నం మళ్లీ గడ్డకట్టి పైనుంచి వేలాడుతోంది, కింద నుంచి లేస్తోంది. ఇంకా కిందన, చీకట్లో, గోస్తని పారుతోంది.

ఈ బొర్రా ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర పరిశోధకులు మధ్య పాతరాతియుగపు పనిముట్లు గుర్తించారు. వాటి వయసు 30,000 నుంచి 50,000 ఏళ్లని అంచనా. ఆ అంకెని ఒకసారి ఒంటికి తెలిసేలా నిలుపుకోండి. కరెంటు దీపాలు ఆర్పేయండి. రెయిలింగు తీసేయండి. గుహ నోటి దగ్గర మంట ఒకటి వేయండి.

మంట చుట్టూ పదిహేను, ఇరవై మంది. అంతకంటే ఎక్కువ మందిని ఈ అడవి ఒకేచోట, ఒకే కాలంలో పోషించలేదు. బయట వాన. గుహలో గాలి ఎండాకాలం వేడెక్కదు, చలికాలం మరీ చల్లబడదు. కాళ్ల కిందే ఎండని నీరు. ఒక స్త్రీ గెడ్డలోంచి ఏరి తెచ్చిన గులకరాయిని ఎడమచేత్తో పట్టుకుంది. రాయిని తిప్పి చూసింది. అంచు ఎక్కడ వాలుగా ఉందో వెతికింది. ఇంకో రాయితో ఆ అంచు మీద ఒక్క దెబ్బ. పల్చటి పెచ్చు ఒకటి లేచింది. దాని అంచు చర్మాన్ని కోస్తుంది, వెదురుని చెక్కుతుంది, దుంప పొట్టు తీస్తుంది. ఏ రాయిని కొడితే పెచ్చు లేస్తుందో, ఏది పిండి అయిపోతుందో ఆమెకి తెలుసు. ఖొండలైటు అలా విరగదు, చిట్లిపోతుంది. ఈ కొండల్లో తెల్లటి చారలుగా కనిపించే పలుగురాయి విరుగుతుంది. ఆ చారలు ఎక్కడున్నాయో తెలియడం ఆ గుంపు బతుకులో ముఖ్యమైన చదువు. రాయి ఉన్న చోటు, నీరు ఉన్న చోటు, నీడ ఉన్న చోటు, ఈ మూడూ ఒక పూట నడకలో కలిసే స్థలాన్ని వాళ్లు ఎంచుకున్నారు. తొలి మనుషుల ఊరు అంటే అదే.

వాళ్లు ఇక్కడే పడి ఉండరు. వానలు ఆగి అడవిలో పళ్లు తగ్గాక, గెడ్డ వెంట దిగుతారు. మాఘ, ఫాల్గుణాల్లో ఆకులు రాలి అడవి పల్చబడుతుంది. జంతువు దూరం నుంచే కనబడుతుంది. నీళ్లు తగ్గి, జంతువులు మిగిలిన మడుగుల దగ్గరికే రావాలి. వేటకి అంతకంటే మంచి అదను లేదు. ఇప్పటికీ అరకు, అనంతగిరి మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్లు విల్లంబులు పట్టి వేటకి పోతారు, ఊళ్లో ఆడవాళ్లు పాటలతో ఎదురుచూస్తారు. అడవిలో జంతువు కరువై వేట నామమాత్రం అయిపోయినా, పండగ మాత్రం ఆకు రాలి వాన రాని ఆ నెలలోనే నిలబడి ఉంది. మనిషి నెలల్ని గుర్తుపెట్టుకోవడం నేర్చింది నక్షత్రాల కంటే ముందు ఆకులని చూసే అయి ఉంటుంది.

*

గుహలోంచి బయటికి రండి. ఎదురుగా కొండవాలు మీద నల్లటి మోళ్ల మధ్య పచ్చని మొలకలు. పోడు. చైత్ర వైశాఖాల్లో చెట్టు నరికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు తగలబెడతారు. ఆ బూడిదే ఎరువు. నాగలి ఎక్కని వాలులో గునపంతో చిన్న గుంట తీసి విత్తనం వేస్తారు. ఒక్క విత్తనం వేయరు. చోళ్లు, సామలు, కొర్రలు, జొన్న, మధ్యమధ్య కంది, అనప.

దగ్గరికెళ్లి చూడండి. ఒక అమ్మ వంగి కలుపు తీస్తోంది. ఎందుకమ్మా ఇన్ని రకాలు కలిపి వేశారు అంటే, నడుం ఎత్తకుండానే చెబుతుంది.

"వాన ముందొస్తే సామ పండుతాది. ఎనకొస్తే చోడి పండుతాది. రెండూ పోతే కంది ఉన్నాది కద బాబూ."

ఆ కంది మీద కాసేపు ఆగాలి. మన పప్పు, మన పొడి, మన సాంబారు అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ కంది మొక్క అడవి తల్లి ఇంకా బతికే ఉంది. ఒడిశా, బస్తరు, ఉత్తరాంధ్ర కొండల్లో దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. లోకంలో కందిని మొదట సాగులోకి తెచ్చింది ఈ తూర్పు కొండల ప్రాంతపు మనుషులేనని వృక్షశాస్త్రం చెబుతోంది. ఒడిశాలోని గోల్‌బాయి సాసన్, గోపాల్‌పూర్ తవ్వకాల్లో మూడు వేల ఏళ్లకి పైబడిన కంది గింజలు వరితో పాటు దొరికాయి. కందికి ఈ నేల ఇచ్చిన గుణం ఒకటుంది. దాని వేరు లోతుకి దిగుతుంది. వానలు వెళ్లాక చోడి కోసేసినా, లోపలి తేమని పట్టుకుని పుష్యమాసం దాకా నిలబడి కాస్తుంది. నాలుగు నెలలు తడి, ఎనిమిది నెలలు పొడి ఉండే కొండవాలులో అలాంటి మొక్కే మిగులుతుంది. ఆ మొక్కని గుర్తించి, గింజ దాచి, మళ్లీ నాటిన చేతులు ఇక్కడివి. సీతంపేట మన్యంలో సవరలూ జాతాపులూ కంది కొత్తల పండగ చేసి దేవతకి పెట్టకుండా కొత్త కందిని నోట్లో వేసుకోరు.

అదే కాలంలో మన తెలుగు నేలలోనే ఇంకో వైపు బతుకు వేరుగా నడిచింది. కృష్ణా, తుంగభద్రల మధ్య వాన తక్కువ. గడ్డి మైదానాలు, నల్లరాతి గుట్టలు. అక్కడి కొత్తరాతియుగపు మనుషులు పశువుల మీద బతికారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1950లలో తవ్విన బూడిద దిబ్బలో, మళ్లీ మళ్లీ తగలబెట్టిన పేడ పొరల మధ్య, ఆవుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. అక్కడ వాన కరువు పశువుని పెంచమంది. ఇక్కడ వానా వాలూ కలిసి విత్తనాలు కలపమన్నాయి. ఒకే భాష మాట్లాడే మనకి రెండు పాత కథలున్నాయి. రెండింటినీ రాసింది వాన లెక్కే.

ఈ కొండ ముడతలు ఇంకో పని కూడా చేశాయి. ఒక లోయలో మాట పక్క లోయకి పోలేదు. అందుకే కొన్ని పదుల కిలోమీటర్లలోనే సవర, గదబ వంటి ముండా భాషలూ, కువి, కొండ వంటి ద్రావిడ భాషలూ పక్కపక్కనే నిలిచాయి. మైదానంలో రాజ్యాలు మారినప్పుడల్లా చిన్న భాషలు పెద్ద భాషలో కలిసిపోయాయి. కొండలో దాక్కున్నవి మిగిలాయి. శ్రీకాకుళం నేల బిడ్డ గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద పరిశోధించి 1969లో పుస్తకం తెచ్చారు. ఆ ఇద్దరి పనిలోనూ ఈ కొండల ఆకారం ఉంది. ఎక్కడం కష్టమైన చోటే పాత మాట బతికింది.

*

ఇప్పుడు గోస్తని వెంట దిగండి. కొండ పాదం దగ్గర తాటిపూడి జలాశయం ఆ నీటిని పట్టుకుంది. అక్కడి నుంచి నది మెత్తబడి, జామి పక్కనుంచి, పద్మనాభం వైపు సాగుతుంది. పెద్దాయన చెప్పిన నీరు వచ్చేసింది. గెడ్డలన్నీ ఎర్రగా పొంగుతున్నాయి. మూడు గంటలు పోతే మళ్లీ మోకాలి లోతు. ఉత్తరాంధ్ర నదులన్నిటిదీ ఇదే తీరు. గోస్తని, చంపావతి కొండ దిగిన కాసేపటికే సముద్రంలో పడతాయి. వాటికన్నా పొడవైన నాగావళి, వంశధార కూడా సుమారు 250 కిలోమీటర్లకి మించవు. నీరు పరుగెత్తి వస్తుంది, పరుగెత్తి పోతుంది. అడుగున గట్టి రాయి కాబట్టి భూమిలోకి ఇంకే నీరు తక్కువే. ఆ పరుగుని ఆపినవాడికే పంట.

అందుకే ఈ దారిలో ఊరికో చెరువు. రెండు మెరకల మధ్య పల్లానికి అడ్డంగా మట్టి గట్టు, గట్టులో ఒక మదుము, నిండితే పొర్లడానికి కలుజు. పై చెరువు పొర్లితే కింది చెరువు నిండుతుంది. మైదానంలోకి దిగిన తొలి రైతులు మొదట గెడ్డ పక్క పల్లంలో, నీరు తనంత తాను నిలిచే చోట వరి వేసి ఉంటారు. తర్వాత ఇనుము వచ్చింది. గునపంతో గట్టు కట్టడం సాధ్యమైంది. నీరు నిలిచే చోటుని మనిషి తానే చేసుకోవడం మొదలుపెట్టాక, ఊరు కదలడం ఆగింది.

రెండు వేల ఏళ్ల కిందట ఈ కళింగ నేలని ఏలినవాళ్లకి వానా గాలీ ఎంత పెద్ద విషయాలో ఒక రాయి చెబుతోంది. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి హాథీగుంఫా మీద ఖారవేలుడు చెక్కించిన శాసనం. రాజైన మొదటి ఏడాది ఆయన చేసిన పని, గాలివానకి దెబ్బతిన్న నగర ద్వారాలూ ప్రాకారాలూ బాగుచేయించడం. అయిదో ఏడాది, ఎప్పుడో నందరాజు తవ్వించిన కాలువని నగరంలోకి పొడిగించడం. యుద్ధాలు ఆ శాసనంలో ఉన్నాయి. కానీ మొట్టమొదట తుపాను ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ దారిన వెళ్లి విశాఖని విరిచి, అరకులో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓకులని నేలకి దించినప్పుడు, ఆ పాత వాక్యం మళ్లీ నిజమైంది.

నదులు చిన్నవి కాబట్టి లోయలూ చిన్నవి, రాజ్యాలూ చిన్నవే. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణానికి వచ్చినప్పుడు తాను ఓడించిన రాజుల పేర్లని అలహాబాదు స్తంభం మీద చెక్కించాడు. పిఠాపురం మహేంద్రుడు, కొట్టూరు స్వామిదత్తుడు, దేవరాష్ట్రం కుబేరుడు. ఇంత కొంచెం తీరంలో ఇంతమంది రాజులు. ఏ ఒక్క నదీ అందరినీ కలపలేదు. అయినా దారులు మూసుకుపోలేదు. పడమటి కనుమలు వరసగా నిలబడ్డ గోడ. తూర్పు కనుమలని నదులు ఎక్కడికక్కడ కోసేశాయి. ఆ కోతల్లోంచి ఉప్పు పైకి వెళ్లింది. కొండలో అన్నీ ఉన్నాయి, ఉప్పు లేదు. తీరంలో నౌపడా, భీమిలి కయ్యల్లో ఎండ దానిని ఊరికే తయారుచేసి పెడుతుంది. ఉప్పు, ఎండుచేప పైకి. చింతపండు, తేనె, పసుపు, అడ్డాకులు కిందికి. కొండ పాదంలో సంతలన్నీ ఆ మార్పిడి కూడలిలోనే పుట్టాయి. కొత్తవలసలో రైలు దారులు చీలిన చోటు కూడా ఆ పాత కూడలికి దూరం కాదు. ఇంజనీర్లు కొండలోకి దారి వెతికితే, నీరు ముందే వెతికి ఉంచిన లోయలే దొరికాయి.

*

పద్మనాభం దగ్గర నదిని వదిలి, సముద్రపు ఒడ్డున తొట్లకొండ ఎక్కండి. సుమారు 128 మీటర్ల ఎత్తు. పైన రాతి మీద నడుస్తుంటే కాళ్ల దగ్గర లోతైన తొట్లు తొలిచి ఉన్నాయి. నిండుగా వాననీరు. 1970లలో నౌకాదళం సర్వే చేస్తుండగా ఈ చోటు బయటపడింది. 1988 నుంచి జరిగిన తవ్వకాల్లో స్తూపం, విహారాలు, శాతవాహనుల నాణాలు, రోమన్ వెండి నాణాలు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు.

భిక్షువు ఎక్కడా నిలవకూడదు. తిరుగుతూ ఉండాలి. కానీ వానల మూడు నెలలు మాత్రం ఒకేచోట ఉండాలని బుద్ధుని కాలం నుంచీ నియమం. దారులు బురద, గెడ్డలు పొంగు, నేల మీద మొలకలూ పురుగులూ కాలికింద పడతాయి. వాన పెట్టిన ఆ నియమమే విహారాలని కట్టించింది. ఈ కొండ మీద నిలబడ్డవాళ్లకి కిందనే సముద్రం, తాగడానికి చుక్క లేదు. రాతిని తొలిచి, వానని దాచి, ఎనిమిది నెలలు తాగారు. కొండవాలు మీద కందిని నమ్ముకున్న అమ్మ చేసిన పనే వీళ్లూ చేశారు. నాలుగు నెలల వానని పన్నెండు నెలలకి సాగదీయడం.

*

అక్కడి నుంచి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. లోపలికి దిగండి. రెండు పక్కలా రక్తం రంగు గోడలు, మధ్యలో వాన కోసిన సన్నటి దారి. చేత్తో తడిమితే గోడ రాలుతుంది. ఇది రాయి కాదు, ఇసుక. గాలి తెచ్చిన ఇసుక. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే చెప్పుకోదగ్గంత ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

ఇంత ఇసుక ఇక్కడికి ఎలా వచ్చిందో తెలియాలంటే సముద్రాన్ని వెనక్కి నెట్టాలి. సుమారు 20,000 ఏళ్ల కిందట ఆఖరి మంచుయుగం ముదిరిన రోజుల్లో, లోకంలోని నీరు ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. ఇప్పుడు మీకు అలలు కనిపించే చోట అప్పుడు పొడినేల. తీరం కొన్ని పదుల కిలోమీటర్లు అవతల. రుతుపవనాలు బలహీనం. చల్లని, పొడి గాలి బయటపడ్డ ఆ ఇసుకని ఎత్తి, లోపలికి తెచ్చి, కొండల ముందు పోసింది. తర్వాత మంచు కరిగింది. సుమారు పదివేల ఏళ్ల కిందటికి వానలు బలపడ్డాయి. తడిసిన ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. సముద్రం ఏటికేడు లోపలికి వచ్చి, సుమారు ఆరు వేల ఏళ్ల కిందట దాదాపు ఇప్పటి గట్టు దగ్గర ఆగింది.

ఆ మార్పుల మధ్యలో మనుషులు ఇక్కడే ఉన్నారు. ఈ దిబ్బల్లో వేలిగోరు ప్రమాణపు పలుగురాతి పలకలు, సూక్ష్మరాతి పనిముట్లు దొరికాయి. బొర్రా గుహ కాలంలో అరచేయంత ఉన్న రాయి ఇక్కడికి వచ్చేసరికి గోరంత అయింది. దాన్ని వెదురు పుల్లకి బంకతో అతికిస్తే బాణం, వరసగా అతికిస్తే కొడవలి. అడవి మారింది, జంతువు చిన్నదైంది, చేప దొరికింది. వాళ్లు పనిముట్టుని మార్చుకున్నారు. తీరం లోపలికి వచ్చినకొద్దీ వెనక్కి జరిగారు. వాళ్ల పాత గుడిసెల చోట్లు ఇప్పుడు బంగాళాఖాతం అడుగున ఉండి ఉంటాయి.

ఈ గోడల పక్కన బుల్డోజరు చక్రాల గుర్తులు చూసినప్పుడు కడుపు మండుతుంది. ఇది ఖాళీ ఇసుక నేల కాదు. వాతావరణం మారితే నేల ఏమవుతుందో, మనిషి ఏం చేశాడో పొరపొరగా రాసి ఉన్న మన పుస్తకం. ఇలాంటిది మళ్లీ రాయడానికి ఇంకో మంచుయుగం కావాలి.

*

భీమిలి. గోస్తని సముద్రంలో కలిసే చోటు. తడి ఇసుక మీద నల్లటి, ఊదారంగు చారలు పరుచుకుని ఉన్నాయి. గుప్పెడు ఎత్తి చూడండి. ఎర్రగా మెరిసే గింజలు గోమేధికాలు. పొద్దున్న రైలు కిటికీలోంచి మీరు చూసిన కొండ రాయిలోవి. వాన విడదీసి, గెడ్డ మోసుకొచ్చి, అల కడిగి ఇక్కడ పరిచింది.

నడిసముద్రంలో చేపలవేట నిషేధం జూన్ 14తో ముగిసింది. పడవలు మళ్లీ దిగాయి. ఒక జాలరి తెప్ప దుంగల్ని తాడుతో బిగిస్తున్నాడు. ఈ తీరంలో సహజమైన రేవులు తక్కువ, అల బలంగా విరుగుతుంది. మేకులు కొట్టిన బిగువైన పడవ ఆ దెబ్బకి పగులుతుంది. అందుకే ఇక్కడివాళ్లు దుంగల్ని కట్టారు, పలకల్ని తాడుతో కుట్టారు. అల వస్తే తెప్ప ఊగుతుంది, నీరు సందుల్లోంచి పోతుంది. విడదీసి, భుజం మీద వేసుకుని, తుపాను వచ్చేలోగా గట్టెక్కవచ్చు.

"ఈ నెల నమ్మకం లేదన్నా. గాలి ఇలాగుంటాది, అలాగైపోతాది. సూసుకుని దిగాల," అంటాడు ముడి బిగిస్తూ.

చూసుకుని దిగడం. పొద్దున్నుంచీ మీరు కలిసిన వాళ్లందరి పనీ అదే. కొండ మబ్బుని చూసిన పెద్దాయన, పలు పంటలు కలిపిన అమ్మ, రాతిలో వాన దాచిన భిక్షువు, రాయిని తిప్పి అంచు వెతికిన ఆ తొలి స్త్రీ. భూగోళం వాళ్లకి తలరాత కాలేదు. అది హద్దులు గీసింది. ఆ హద్దుల లోపల ఎలా బతకాలో వాళ్లు తేల్చుకున్నారు. ఒక్క చోటునీ, ఒక్క పంటనీ, ఒక్క వాననీ పూర్తిగా నమ్మకుండా, కొండనీ మైదానాన్నీ కడలినీ కలిపి వాడుకున్నారు. ఒక రోజు నడకలో మూడు రకాల నేల ఉండటమే వాళ్ల సంపద.

సముద్రం మళ్లీ పెరుగుతోంది. వాన లెక్క మళ్లీ తప్పుతోంది. ఇలాంటివి ఈ నేల మునుపు చూసింది. కానీ అప్పుడు మనుషులకి జరగడానికి చోటు ఉంది, దాచుకున్న విత్తనాలున్నాయి, తెరిచి ఉన్న గెడ్డలున్నాయి. మనం గెడ్డలో ఇళ్లు కట్టి, చెరువు పూడ్చి, దిబ్బ తవ్వి, కొండంతా ఒకే చెట్టు నాటితే ఆ వెసులుబాటు మనకి ఉండదు. కొత్తవలస చుట్టూ ఏ చెరువు పొర్లితే ఏ చెరువు నిండుతుందో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లని బడికి పిలవాలి. పిల్లల్ని ఒకసారి బొర్రా నుంచి భీమిలి దాకా నడిపించాలి. సింధునీ గంగనీ తప్పకుండా నేర్పాలి, కానీ గోస్తని తర్వాత నేర్పాలి. తన గెడ్డ ఎక్కడ పుట్టి ఎటు పోతుందో తెలిసిన పిల్లవాడు పెద్దయ్యాక దాన్ని పూడ్చనివ్వడు.